పుదూరు పూజారి ఇంటి నుంచి రాజ్యాంగ పరిషత్తుకు

ఓటు వేయటానికి చదువు ఉండనక్కరలేదు. పట్టా భూమి ఉండనక్కరలేదు. శిస్తు కట్టిన రసీదు చూపనక్కరలేదు. పద్దెనిమిదేళ్లు నిండి, జాబితాలో పేరుంటే చాలు. కూలికి పోయే మనిషికీ ఒకటే ఓటు, వంద ఎకరాల ఆసామికీ ఒకటే ఓటు. ఈనాడు ఇది ఎవరికీ వింతగా తోచదు. ఒకప్పుడు మాత్రం దేశంలో పెద్ద చదువులు చదివినవారు సైతం దీనిని తలచుకుని జంకారు. వేలిముద్ర వేసే మనిషి చేతికి రాజ్యం అప్పగించవచ్చునా అని చర్చ జరిగింది.

అప్పగించవచ్చునని, అందుకు తమకు నమ్మకం ఉన్నదని 1949 నవంబరు 23న ఢిల్లీలో రాజ్యాంగ పరిషత్తులో లేచి చెప్పినవారిలో ఒకరు మన జిల్లావారు. ఆయన కాంగ్రెసు నాయకుడు కారు, జైలుకు వెళ్లినవారు కారు. పదిహేనేళ్లపాటు మద్రాసులో సర్కారుకు పెద్ద వకీలుగా పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. ఆ రోజులలో అందరూ ఆయనను సర్ అల్లాడి అనేవారు.

రాజ్యాంగం అనగానే డాక్టర్ అంబేద్కర్ పేరు చెబుతాము. అది న్యాయమే. ముసాయిదా సంఘంలో ఆయన పక్కన కూర్చున్న నెల్లూరు జిల్లా మనిషి గురించి జిల్లాలోనే తెలిసినవారు తక్కువ.

గుడి పూజారి కుమారుడు

ఆనాటి నెల్లూరు జిల్లాలోని పుదూరు గ్రామంలో 1883 మే 14న కృష్ణస్వామి జన్మించారు. తండ్రి ఏకామ్ర శాస్త్రి దేవాలయంలో పూజారి. ఆస్తిపాస్తులు పెద్దగా లేని కుటుంబం. ఆ కాలంలో ఇంగ్లీషు చదువు చదవాలంటే ఊరు విడిచి పోవలసిందే. కృష్ణస్వామి 1899లో మెట్రిక్యులేషన్ ప్యాసయ్యారు. తరువాత మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివి, లా పరీక్షలు కూడా మద్రాసులోనే పూర్తి చేశారు.

వకీలు పట్టా చేతికి వస్తే చాలదు. ఎవరైనా పేరున్న వకీలు దగ్గర చేరి పని నేర్చుకోవాలి. ఆయన పి.ఆర్. సుందరయ్యర్ వద్ద చేరారు. సుందరయ్యర్ ఆనాటి మద్రాసు హైకోర్టులో పేరుమోసిన వకీలు, తరువాత హైకోర్టు జడ్జి అయ్యారు. అటువంటి గురువు దొరకటం శిష్యుని అదృష్టం. ఆ తరువాత కృష్ణస్వామి సొంతంగా ప్రాక్టీసు పెంచుకుని మద్రాసు హైకోర్టులో మొదటి వరుస వకీళ్లలో ఒకరుగా ఎదిగారు. 1930లో దివాన్ బహద్దూర్ బిరుదు, 1932లో సర్ బిరుదు వచ్చాయి.

అడ్వకేటు జనరల్ అంటే ఎవరు?

కోర్టు మెట్లెక్కిన రైతుకు ప్రభుత్వ ప్లీడరు తెలుసు, పి.పి. కూడా తెలుసు. సర్కారు భూమి పేచీలో, పరిహారం దావాలో జిల్లా కోర్టులో సర్కారు తరఫున నిలబడేవారు గవర్నమెంటు ప్లీడరు. ఖూనీ, దొమ్మీ కేసులలో సెషన్సు కోర్టులో ముద్దాయి మీద కేసు నడిపేవారు పబ్లిక్ ప్రాసిక్యూటరు.

వీరందరికీ పైన, హైకోర్టు స్థాయిలో ప్రభుత్వానికి ఉండే మొదటి న్యాయవాది అడ్వకేటు జనరల్. ప్రభుత్వం ఒక చట్టం చేయదలిస్తే అది న్యాయంగా నిలుస్తుందా లేదా అని సలహా చెప్పేది ఆయనే. ఆ చట్టం చెల్లదని ఎవరైనా కోర్టుకు వెళితే దానిని సమర్థించవలసినదీ ఆయనే. ఇప్పటి రాజ్యాంగంలో 165వ అధికరణం ఈ పదవి గురించే. హైకోర్టు జడ్జి కాదగిన అర్హత ఉన్నవారినే గవర్నరు నియమించాలి. అడ్వకేటు జనరల్ శాసనసభలోకి వెళ్లి మాట్లాడవచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.

1929లో అల్లాడి మద్రాసు ప్రెసిడెన్సీకి అడ్వకేటు జనరల్ అయ్యారు. అప్పటికి ఆయన వయసు నలభై ఆరు. ఆనాటి మద్రాసు ప్రెసిడెన్సీ సామాన్యమైనది కాదు. ఉత్తరాన గంజాం నుంచి దక్షిణాన తిరునల్వేలి దాకా, పడమట మలబారు దాకా ఒకే గవర్నరు కింద ఉండేది. ఆ ప్రెసిడెన్సీకి 1944 వరకు, పదిహేనేళ్లు ఆయనే సర్కారు పెద్ద వకీలు.

ఎవరి వకీలు?

ఆ పదిహేనేళ్లు ఎటువంటివో జ్ఞాపకం చేసుకోవాలి. 1930లో ఉప్పు సత్యాగ్రహం. 1932లో మళ్లీ శాసనోల్లంఘనం. 1942లో క్విట్ ఇండియా. 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించిన జిల్లా మనది. ఆ ఉద్యమాలలో ఇక్కడి నుంచి ఎందరో చదువులు, ఉద్యోగాలు వదలి జైళ్లకు పోయారు. అదే సమయంలో జిల్లా నుంచి వెళ్లిన అల్లాడి బ్రిటిషు గవర్నరుకు న్యాయ సలహాదారు.

అదే కుర్చీలో ఆయనకు ముందు కూర్చున్నవారిలో ఒకరు దానిని వదలి పోయిన సంగతి కూడా ఉన్నది. ఎస్. శ్రీనివాస అయ్యంగార్ 1916 నుంచి 1920 దాకా మద్రాసు అడ్వకేటు జనరల్. ఆయన రాజీనామా చేసి, బిరుదు వాపసు ఇచ్చి, కాంగ్రెసులో చేరి 1926లో గౌహతి కాంగ్రెసు మహాసభకు అధ్యక్షులయ్యారు. అల్లాడి ఆ దారిన పోలేదు. ఈ సంగతి దాచవలసిన పని లేదు. దేశభక్తికి ఒకే కొలత పెట్టేవారికి ఆయన జీవితం కొంత ఇబ్బంది కలిగిస్తుంది.

కాని సర్కారు వకీలు పనిలో ఒక విశేషం ఉన్నది. మంత్రులు మారుతారు, ప్రభుత్వం మారుతుంది, వకీలు బాధ్యత మారదు. 1937 జులైలో రాజాజీ నాయకత్వాన మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఏర్పడింది. మన బుచ్చిరెడ్డిపాళెం వాసి బెజవాడ గోపాలరెడ్డి అందులో మంత్రి. టంగుటూరి ప్రకాశం రెవెన్యూ మంత్రి. నిన్నటిదాకా జైళ్లలో ఉన్నవారు అధికారంలోకి వచ్చారు. అడ్వకేటు జనరల్‌గా అల్లాడే కొనసాగారు. 1939 అక్టోబరులో ఆ మంత్రివర్గం రాజీనామా చేసిన తరువాత మళ్లీ గవర్నరు పాలన. అప్పుడూ ఆయనే.

రైతు అప్పుల చట్టం

ఆ కాంగ్రెసు మంత్రివర్గం 1938లో తెచ్చిన వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం గురించి పెద్ద రైతు కుటుంబాలలో ఒకప్పుడు కథలుగా చెప్పుకునేవారు. 1930 ప్రాంతంలో ధాన్యం ధరలు పడిపోయి రైతులు వడ్డీల కింద నలిగిపోయారు. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పు అయితే, 1937 అక్టోబరు 1 నాటికి బాకీ పడ్డ వడ్డీ అంతా ఆ చట్టం రద్దు చేసింది. అసలుకు రెండింతలు అప్పటికే చెల్లించి ఉంటే ఆ బాకీ తీరిపోయినట్లే. ఆ తరువాతి అప్పులకు వడ్డీ నూటికి అయిదు రూపాయల లెక్కన తగ్గించారు.

అప్పిచ్చినవారు ఊరుకుంటారా? ప్రామిసరీ నోట్ల మీద చట్టం చేసే అధికారం రాష్ట్రానికి లేదు, కేంద్రానిదే అని వాదించారు. వ్యాజ్యం ఢిల్లీలోని ఫెడరల్ కోర్టు దాకా వెళ్లింది. 1940లో కోర్టు చట్టం వైపే తీర్పు చెప్పింది. చట్టం చేయటం ఒక ఎత్తు అయితే, దానిని కోర్టులో నిలపటం ఇంకొక ఎత్తు. రైతుకు మేలు చేసే చట్టం కూడా మాట కాస్త అటూ ఇటూ పడితే కొట్టుడుపోతుంది. ఒక మాట ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు అన్న ఎరుక ఆ పదవిలో ఉన్నవారికి దినదినం అవసరం. ఆ అనుభవమే తరువాత దేశానికి పనికివచ్చింది.

కాంగ్రెసు వాడు కాకున్నా పిలుపు

1946లో రాజ్యాంగ పరిషత్తుకు ఎన్నికలు జరిగాయి. ప్రజలు నేరుగా ఓటు వేయలేదు, రాష్ట్రాల శాసనసభ్యులు ఎన్నుకున్నారు. పార్టీ సభ్యులు కాకపోయినా చట్టం తెలిసిన కొందరిని పరిషత్తుకు పంపాలని కాంగ్రెసు నిశ్చయించింది. అలా మద్రాసు నుంచి వెళ్లినవారిలో అల్లాడి ఒకరు, ఎన్. గోపాలస్వామి అయ్యంగార్ మరొకరు. నాలుగేళ్ల కిందటి దాకా ఎవరి ప్రభుత్వం తమను జైళ్లలో పెట్టిందో, ఆ ప్రభుత్వపు వకీలును వారే పిలిచి, రండి, మనకు రాజ్యాంగం రాయాలి అన్నారు. పిలిచినవారి పెద్ద మనసుకూ, పిలుపు అందుకున్నవారి యోగ్యతకూ ఇది తార్కాణం.

1946 డిసెంబరు 9న పరిషత్తు మొదటి సమావేశం. అప్పటికి అల్లాడికి అరవై మూడేళ్లు. ప్రాథమిక హక్కుల ఉపసంఘంలో ఆయనను వేశారు. ఆచార్య కృపలానీ దానికి అధ్యక్షుడు. అంబేద్కర్, మున్షీ, రాజకుమారి అమృత్ కౌర్, హంసా మెహతా మొదలైనవారు సభ్యులు. అక్కడ అల్లాడి పట్టుబట్టిన విషయం ఒకటి ఉన్నది. కోర్టుకు వెళ్లి సాధించుకోగల హక్కులు వేరు, ప్రభుత్వాలు మెల్లమెల్లగా నెరవేర్చవలసిన ఆశయాలు వేరు, రెండింటినీ కలిపితే రెండూ చెడతాయని ఆయన వాదన. చివరకు ప్రాథమిక హక్కులు ఒక భాగంగా, ఆదేశిక సూత్రాలు మరొక భాగంగా వచ్చాయి.

1947 ఆగస్టు 29న ముసాయిదా సంఘాన్ని నియమించారు. ఏడుగురు సభ్యులు: అంబేద్కర్, అల్లాడి, గోపాలస్వామి అయ్యంగార్, కె.ఎం. మున్షీ, మహమ్మద్ సాదుల్లా, బి.ఎల్. మిట్టర్, డి.పి. ఖైతాన్. అంబేద్కర్‌ను అధ్యక్షునిగా ఎన్నుకున్నారు. తరువాత మిట్టర్ స్థానంలో ఎన్. మాధవరావు, ఖైతాన్ మరణించగా టి.టి. కృష్ణమాచారి వచ్చారు. రకరకాల కారణాలతో కొందరు సభ్యులు పనికి అందుబాటులో లేకపోగా, బరువంతా ప్రధానంగా అంబేద్కర్ మీద పడిందని కృష్ణమాచారి సభలోనే చెప్పారు.

అంబేద్కర్ మాత్రం 1949 నవంబరు 25 నాటి తన ముగింపు ప్రసంగంలో తోటివారిని మరువలేదు. ముసాయిదా సంఘానికి తనను అధ్యక్షునిగా ఎన్నుకున్నపుడు ఆశ్చర్యపడ్డానని, తనకంటె పెద్దవారు, సమర్థులు ఆ సంఘంలో ఉన్నారని చెబుతూ ఆయన ఎత్తిన పేరు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌ది. అంబేద్కర్ నోట ఆ మాట రావటం కంటె పెద్ద బిరుదు ఏ గవర్నరు ఇవ్వగలడు?

అభిప్రాయభేదం వచ్చిన చోటు

అల్లాడి చెప్పిందంతా అందరూ మెచ్చారని కాదు. ఒక విషయంలో ఆయన పక్షం నేటికీ చర్చలో ఉన్నది. మనిషిని పోలీసులు పట్టుకుపోతే కోర్టు ఏం చూడాలి? చట్టంలో రాసిన పద్ధతి ప్రకారం పట్టుకున్నారా అని మాత్రమే చూడాలా? ఆ చట్టమే న్యాయంగా ఉన్నదా అని కూడా చూడాలా? అమెరికా రాజ్యాంగంలో రెండవ దానికి చోటున్నది. 1948 డిసెంబరులో దీనిపై మన పరిషత్తులో గట్టి చర్చ జరిగింది.

అల్లాడి మొదటి పక్షాన నిలిచారు. అమెరికాలో జడ్జీలు ఆ అధికారంతో కూలీల పని గంటలు తగ్గించే చట్టాలను సైతం కొట్టివేసిన సంగతి ఆయన మనసులో ఉన్నది. ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన సంస్కరణలకు అటువంటి అడ్డు రాకూడదని ఆయన భావన. న్యాయస్థానాలు స్వతంత్రంగా ఉండాలి, అంతమాత్రాన శాసనసభ మీద మరొక శాసనసభ కాకూడదు అన్నది ఆయన మాట. చివరకు చట్టం నిర్ణయించిన పద్ధతి అన్న మాటలే 21వ అధికరణంలో చేరాయి.

దాని ఫలితం త్వరలోనే కనిపించింది. 1950లో కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ తన నిర్బంధం చెల్లదని సుప్రీం కోర్టుకు వెళ్లారు. చట్టం ఉన్నది, పద్ధతి పాటించారు, అంతకు మించి చూడలేమని ఎక్కువమంది జడ్జీలు తీర్పు చెప్పారు. విచారణ లేకుండా జైలులో పెట్టే చట్టాలకు అది బలమైంది. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీం కోర్టు దారి మార్చింది. పద్ధతి ఉంటే చాలదు, అది న్యాయమైనదిగా, సమంజసంగా ఉండాలని చెప్పింది. అల్లాడి భయపడిన అధికారం ఆ విధంగా కోర్టుకు వచ్చింది. సామాన్యుడికి దానివల్ల మేలే జరిగిందని చెప్పాలి. పెద్ద వకీలు కూడా రాబోయే కాలాన్నంతా చూడలేడు.

వేలిముద్ర మనిషి మీద నమ్మకం

ఓటు విషయంలో మాత్రం ఆయన చూపు దూరం పోయింది. బ్రిటిషు వారి 1935 చట్టం ప్రకారం ఓటు రావాలంటే ఆస్తి ఉండాలి, లేదా పన్ను కట్టాలి, లేదా చదువు ఉండాలి. పల్లెలలో మాల మాదిగ వాడలు, కూలి జనం, ఆడవారిలో అత్యధికులు ఆ జాబితాలోకి రానేలేదు. 1951 జనాభా లెక్కలలో కూడా దేశంలో చదవను, రాయను వచ్చినవారు నూటికి 18 మందే. ఇటువంటి దేశంలో ఇరవై ఒక్కేళ్లు నిండిన అందరికీ ఒకేసారి ఓటు ఇవ్వాలని పరిషత్తు నిశ్చయించింది.

1949 నవంబరు 23న అల్లాడి తన ప్రసంగంలో దీనిని రాజ్యాంగంలోని ముఖ్యాంశాలలో ఒకటిగా ఎత్తి చూపారు. జనంలో ఎక్కువ మందికి చదువు లేకపోయినా పరిషత్తు ఈ పని చేసిందని, సామాన్య మానవుని మీదా, ప్రజాపాలన చివరకు నెగ్గి తీరుతుందన్న దాని మీదా ఉన్న నిండు నమ్మకంతో చేసిందని ఆయన చెప్పారు. సామాన్యుని జీవితం బాగుపడటానికి ఇదే దారి అని కూడా అన్నారు. బిరుదులు పొందిన వకీలు, అరవై ఆరేళ్ల వయసులో చెప్పిన మాట అది. మూడు రోజుల తరువాత, నవంబరు 26న రాజ్యాంగాన్ని పరిషత్తు ఆమోదించింది. 395 అధికరణాలు, 8 షెడ్యూళ్లు. 1950 జనవరి 26 నుంచి అది అమలులోకి వచ్చింది.

ఆ నమ్మకానికి పరీక్ష 1951 అక్టోబరు నుంచి 1952 ఫిబ్రవరి దాకా జరిగిన మొదటి సాధారణ ఎన్నికలు. ఓటర్లు 17 కోట్లకు పైగా. చదువు రానివారి కోసం ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె పెట్టి, దాని మీద గుర్తు అంటించారు. ఎడ్ల జత పెట్టెలో వేయాలా, గుడిసె పెట్టెలో వేయాలా అన్నది మనిషి కన్ను చూసి తేల్చుకున్నది. ఉత్తరాది రాష్ట్రాలలో చాలామంది ఆడవారు సొంత పేరు చెప్పక, ఫలానా వారి భార్య, ఫలానా వారి తల్లి అని మాత్రమే రాయించగా, అటువంటి 28 లక్షల పేర్లు జాబితాల నుంచి తీసివేయవలసి వచ్చింది. ఇన్ని కష్టాల మధ్యనే ఎన్నిక జరిగింది. దేశం ముక్కలు కాలేదు. వేలిముద్ర వేసే మనిషి తన పని తాను చేసి ఇంటికి పోయాడు.

1988లో చేసిన 61వ సవరణతో ఓటు వయసు ఇరవై ఒకటి నుంచి పద్దెనిమిదికి దిగింది. ఆనాడు నాటిన మొక్క మీదనే ఈ కొమ్మ వచ్చింది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన రెండు రోజులకు

పొట్టి శ్రీరాములు 1952 డిసెంబరు 15న ప్రాణం అర్పించిన తరువాత ఆంధ్ర రాష్ట్రం ఇవ్వక తప్పలేదు. కొత్త రాష్ట్రాన్ని ఏర్పాటు చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చినది రాజ్యాంగంలోని 3వ అధికరణం. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రం నుంచి విడివడి అందులో చేరింది. సరిగ్గా రెండు రోజులకు, అక్టోబరు 3న, అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ డెబ్బయ్యేళ్ల వయసులో కన్నుమూశారు. పుట్టిన ఊరు ఒక రాష్ట్రంలోకి, పని చేసిన పట్నం మరొక రాష్ట్రంలోకి పోయిన ఆ వారంలోనే ఆయన జీవితం ముగిసింది.

తండ్రి దారిలో కుమారుడు అల్లాడి కుప్పుస్వామి న్యాయరంగంలోనే ఎదిగి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. మరొక కుమారుడు అల్లాడి రామకృష్ణన్ భౌతిక శాస్త్రవేత్త. 1962లో మద్రాసులో గణిత శాస్త్రాల పరిశోధన సంస్థను స్థాపించారు.

పొట్టి శ్రీరాములు పేరు 2008లో జిల్లాకే పెట్టుకున్నాము. ఆయన ప్రాణం ఇచ్చి రాష్ట్రం తెచ్చారు. అల్లాడి చేసింది త్యాగం కాదు, ఉద్యోగం. కాని చేసిన ఉద్యోగాన్ని నిజాయితీగా, మాట మాటా తూచి చేసి, ఆ నేర్పును చివరకు పల్లె జనానికి పనికివచ్చే చోట ఖర్చు పెట్టారు. లా చదివి జిల్లా కోర్టులో నల్లకోటు వేసుకునే ఈనాటి పల్లె కుర్రవాళ్లకు, పుదూరు పూజారి గారి అబ్బాయి ఎంతదూరం పోయాడో తెలియాలి. ఈసారి ఎన్నికలలో వరుసలో నిలబడినపుడు, పక్కనున్న కూలి మనిషికీ మనకూ ఒకే ఓటు ఎందుకు వచ్చిందో ఒక్క నిమిషం తలచుకుంటే ఆయనకు అదే నివాళి.